పులికాట్ పక్షులకు ఎంత దుర్భిణి కావాలి?



చలికాలం మొదలవగానే సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు పోయే రోడ్డు మీద కార్లు, మోటారు సైకిళ్లు గట్టు పక్కన ఆగడం కనిపిస్తుంది. దిగినవాళ్లలో చాలామంది మెడలో దుర్భిణి ఉంటుంది. ఒకరిది రెండు మూడు వేలకు కొన్నది, ఇంకొకరిది విదేశంలో ఉన్న పిల్లలు పంపింది. రెండు మూడు చలికాలాలు గడిచేసరికి వాళ్లందరినీ ఒకే ప్రశ్న పట్టుకుంటుంది: ఉన్నదాంతో సరిపెట్టుకోవాలా, ఇంకా మంచిది కొనుక్కోవాలా? వేటకు లైసెన్సులిచ్చే దేశాల్లో ఈ ప్రశ్న వేటగాళ్లది. తెల్లవారుజామున చెట్ల నీడలో కదిలేది దుప్పి అవునో కాదో తేల్చుకోవడానికి వాళ్లు అప్పు చేసైనా మేలైన దుర్భిణి కొంటారు. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది. కానీ వేటగాడి పనిముట్టు ఇక్కడ చూసేవాడి చేతికి వచ్చింది, దాంతోపాటు ఆ ప్రశ్న కూడా వచ్చింది. దానికి నేను చెప్పదలచిన జవాబు ఇది. మంచి దుర్భిణి చేసే అసలైన మేలు పక్షికీ మనకూ మధ్య ఉండవలసిన దూరాన్ని కాపాడటం. ఆ పని చక్కగా జరిగేంతవరకు దాని మీద డబ్బు పెట్టడం న్యాయమే. అక్కడి నుంచి పైకి పెట్టే ప్రతి రూపాయికీ అంతకంటే మంచి ఉపయోగాలు ఉన్నాయి.

ముందు చోటు సంగతి చూద్దాం, ఎందుకంటే ఏ దుర్భిణి కావాలన్నది చోటును బట్టి తేలుతుంది. తెలుగువాళ్లు ప్రళయకావేరి అని కూడా పిలుచుకున్న పులికాట్, ఒడిశాలోని చిలికా తర్వాత దేశంలో రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు. ఎక్కువ భాగం ఆంధ్రప్రదేశ్‌లో, దక్షిణపు కొస తమిళనాడులో ఉంది. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు ఏర్పడ్డాక సూళ్లూరుపేట, తడ, దొరవారిసత్రం ప్రాంతాలు తిరుపతి జిల్లాలోకి వచ్చాయి. శ్రీహరికోట దీవి బంగాళాఖాతానికీ సరస్సుకూ మధ్య అడ్డుగోడలా పడుకుని ఉంటుంది. కాళంగి, స్వర్ణముఖి, దక్షిణాన ఆరణి తెచ్చే మంచినీళ్లు, ముఖద్వారాల గుండా వచ్చే ఉప్పునీళ్లు ఇందులో కలుస్తాయి. సరస్సు చాలా చోట్ల మనిషి నడుము లోతు కూడా ఉండదు. ఈశాన్య రుతుపవనాల వానలకు నిండి, సంక్రాంతి దాటాక నీళ్లు తగ్గేకొద్దీ బురద మేటలు బయటపడతాయి. పొడుగుకాళ్ల పక్షులకు అదే వడ్డించిన విస్తరి. ఫ్లెమింగోలు వందలు, వేలుగా ఆ పలుచని నీళ్లలో మేస్తుంటాయి. అయితే ఆ మేత రోడ్డు పక్కనే దొరకదు. నీళ్లు ఎక్కడ చీలమండ లోతుకు దిగితే పక్షులు అక్కడికి జరుగుతుంటాయి. ఒక్కోసారి అవి గట్టుకు నూరు గజాల్లో ఉంటాయి, చాలాసార్లు అర కిలోమీటరు అవతల గులాబీ రంగు గీతలా ఉంటాయి. చెట్టూ పుట్టా లేని బయలు కాబట్టి దాక్కుని దగ్గరకు పోవడమనేది కుదరదు. మనల్ని అవి ఎప్పుడో చూసేసి ఉంటాయి.

పడవ మాట్లాడుకుని దగ్గరకు పోతే దుర్భిణి గొడవే ఉండదు కదా అని అడిగేవాళ్లున్నారు. ఈ ప్రశ్నకు జవాబు చట్టంలోనూ ఉంది, పక్షి ఒంట్లోనూ ఉంది. వన్యప్రాణి చట్టం వేట అన్నదానికి ఇచ్చిన అర్థంలో చంపడం, పట్టడం, వల వేయడమే కాదు, గుడ్లను పాడుచేయడం, గూళ్లను చెదరగొట్టడం కూడా ఉన్నాయి. తుపాకీ లేకుండానే మనిషి వేటగాడు కావచ్చునని చట్టమే గుర్తించిందన్నమాట. నేలపట్టు సంగతే తీసుకోండి. 1976లో పులికాట్‌తో పాటే సంరక్షణ కేంద్రమైన ఈ చెరువు దొరవారిసత్రం దగ్గర ఉంది. నీళ్లలో నిలబడి పెరిగే చెట్ల మీద గూడబాతులు పక్కపక్కనే గూళ్లు కట్టి పిల్లల్ని లేపుతాయి. మనుషులు మరీ దగ్గరకు పోతే తల్లి పక్షులు ఒక్కసారిగా లేస్తాయి. ఆ కాస్త సమయం చాలు, కాకులూ గద్దలూ గుడ్ల మీద వాలడానికి. ఎండలో విడిచిన గుడ్డు, ఈకలు రాని పిల్ల ఎంతోసేపు తట్టుకోవు. సరస్సులో మేసే వలస పక్షుల కష్టం వేరు. అవి తిరుగు ప్రయాణానికి కావలసిన కొవ్వును ఇక్కడే కూడబెట్టుకోవాలి. బెదిరి లేచిన ప్రతిసారీ మేత పోతుంది, కూడబెట్టిన బలమూ పోతుంది. ఒక్క పడవకు ఏమవుతుందిలే అనుకోవచ్చు. పండగ రోజుల్లో వచ్చే వందల మందీ అలాగే అనుకుంటే పక్షికి నిలకడగా మేసే ఘడియ మిగలదు. అందుకే దూరం నుంచి తృప్తిగా చూడగలగడం మన సరదాకు సంబంధించిన విషయంగా ఆగదు. అది పక్షి బతుకుకు సంబంధించినది. దుర్భిణి మీద పెట్టే ఖర్చుకు గట్టి సమర్థన ఏదైనా ఉంటే ఇదే.

మరి దూరం పెరిగితే ఎక్కువ రెట్లు చూపించే దుర్భిణి కొనాలని ఎవరికైనా తోస్తుంది. ఎక్కువమంది పొరపాటుపడేది ఇక్కడే. దుర్భిణి మీద 8x42 అని ఉంటే మొదటి అంకె అది ఎన్ని రెట్లు దగ్గరగా చూపిస్తుందో చెబుతుంది, రెండోది ముందున్న అద్దం వెడల్పు ఎన్ని మిల్లీమీటర్లో చెబుతుంది. ఎనిమిది రెట్లంటే 400 మీటర్ల దూరంలోని ఫ్లెమింగో 50 మీటర్లలో ఉన్నట్టు కనిపిస్తుంది. పన్నెండు రెట్లయితే ఇంకా దగ్గరగా కనిపించాలి. కానీ పెరిగేది పక్షి ఒక్కటే కాదు, మన చేతి వణుకు కూడా అన్ని రెట్లూ పెరుగుతుంది. పులికాట్ గట్టు మీద సముద్రపు గాలి ఆగదు. ఆ గాలికి ఊగే చేతుల్లో పన్నెండు రెట్ల దుర్భిణి చూపించేది పెద్దదైన మసక మాత్రమే. పైగా రెట్లు పెరిగేకొద్దీ కనిపించే మేర ఇరుకవుతుంది. మామూలు 8x42లో కిలోమీటరు దూరాన 130 మీటర్ల పైచిలుకు వెడల్పు కనిపిస్తే, 10x42లో 110 మీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. గుంపులో కదిలే చిన్న ఉల్లంకి పిట్టను వెతికి పట్టుకోవడానికి ఈ తేడా చాలా లెక్కలోకి వస్తుంది. ఆటవస్తువుల దుకాణాల్లో 30 రెట్లు, 50 రెట్లు అని రాసి అమ్మే వాటి సంగతి చెప్పనక్కర్లేదు. ఆ అంకెలు చాలావరకు డబ్బా మీదే ఉంటాయి. ముందు అద్దం మీద నిగనిగలాడే ఎర్ర పూత ఉంటే అది మంచి సరుకని మురిసిపోకండి. ఆ పూత ఎర్రటి వెలుగును తిప్పికొడుతుంది. గులాబీ రంగు పక్షిని చూడటానికి వచ్చినవాళ్లకు అంతకంటే నష్టం ఏముంటుంది?

రెట్ల తర్వాత చూడవలసింది వెలుగు. ఇంట్లో ఉన్న దుర్భిణిని చేయి చాచినంత దూరంలో పట్టుకుని, సూర్యుడి వైపు కాకుండా తెల్లని ఆకాశం వైపు తిప్పి, కంటికి ఆనించే అద్దాల్లోకి చూడండి. రెండింటిలోనూ చిన్న గుండ్రటి వెలుగు బిళ్ల కనిపిస్తుంది. అద్దం వెడల్పును రెట్లతో భాగిస్తే ఆ బిళ్ల కొలత వస్తుంది. 8x42కు 5.25 మిల్లీమీటర్లు, 10x42కు 4.2 మిల్లీమీటర్లు. మన కంటిపాప మిట్టమధ్యాహ్నం రెండు మూడు మిల్లీమీటర్లకు ముడుచుకుంటుంది. చీకట్లో కుర్రవాళ్లకు ఏడు దాకా విచ్చుకుంటుంది, వయసు మీరినవాళ్లకు ఐదు దాటడం కష్టం. అంటే పగటి పూట చిన్న దుర్భిణికీ పెద్దదానికీ వెలుగులో తేడా దాదాపు తెలియదు. తేడా తెలిసేది తెల్లవారుజామున, మునిమాపు వేళ. నేలపట్టులో గూడబాతులు మేతకు బయలుదేరేదీ, తిరిగొచ్చేదీ ఎక్కువగా వెలుగు తక్కువున్న ఘడియల్లోనే. ఆ వేళ చూసే అలవాటున్నవాళ్లకు 8x42 సరిగ్గా సరిపోతుంది. పది గంటలకు వచ్చి పన్నెండింటికి పోయేవాళ్లు వెడల్పాటి అద్దానికి డబ్బిచ్చి, దాని బరువు మెడకు కట్టుకోవడంలో అర్థం లేదు. వాళ్లకు 8x32 చాలు. అందులోనూ ఆ బిళ్ల గుండ్రంగా, అంచులు నల్లబడకుండా ఉందో లేదో చూడండి. అంచులు కోసినట్టు నలుపలకలుగా కనిపిస్తే లోపలి గాజు పట్టకాలు నాసిరకమని తెలిసిపోతుంది.

ఇక మూడోది గాజు, దాని మీది పూత. చౌక దుర్భిణికీ మంచిదానికీ ఉన్న నిజమైన వ్యత్యాసం ఇక్కడే. పూత లేని గాజు ఉపరితలం తన మీద పడిన వెలుగులో సుమారు 4 శాతాన్ని వెనక్కి తిప్పికొడుతుంది. దుర్భిణి గొట్టంలో అలాంటి ఉపరితలాలు పది దాకా ఉంటాయి. పదింటినీ దాటేసరికి మూడింట ఒక వంతు వెలుగు పోతుంది. పోయింది పోయినట్టు ఊరుకోదు, గొట్టం లోపల అటూ ఇటూ కొట్టుకుని చిత్రం మీద తెల్లని తెరలా పరుచుకుంటుంది. ఈ చిక్కుకు జర్మనీలో జైస్ కంపెనీలో పనిచేసిన అలెగ్జాండర్ స్మకులా 1935లో విరుగుడు కనిపెట్టాడు. గాజు మీద అతి పలుచని పూత వేసి తిప్పికొట్టే వెలుగును బాగా తగ్గించాడు. ఇవాళ మంచి దుర్భిణుల్లో అన్ని ఉపరితలాలకూ పొరలు పొరలుగా పూత ఉంటుంది, నూటికి తొంభై దాకా వెలుగు కంటికి చేరుతుంది. దీని ఫలితం శ్రీహరికోట రోడ్డు మీద స్పష్టంగా తెలుస్తుంది. ఆ రోడ్డు సుమారుగా పడమటి నుంచి తూర్పుకు పోతుంది. చలికాలంలో సూర్యుడు దక్షిణం వైపు వాలి నడుస్తాడు. అందుకని రోడ్డుకు ఉత్తరం వైపున్న పక్షుల మీద వెలుగు నేరుగా పడుతుంది, చౌక దుర్భిణిలోనూ అవి బాగానే కనిపిస్తాయి. దక్షిణం వైపున్నవి ఎదురెండలో ఉంటాయి. పూత సరిగ్గా లేని దుర్భిణి అటు తిప్పితే నీళ్ల తళతళ అంతా లోపలికి దూరి పక్షులు నల్లని బొమ్మలవుతాయి.

ఆ నల్లని బొమ్మల వల్ల వచ్చే నష్టం చిన్నదేమీ కాదు. మన దేశంలో ఫ్లెమింగోలు రెండు రకాలు, పెద్దవి, చిన్నవి. పెద్ద ఫ్లెమింగో ముక్కు గులాబీ రంగులో ఉండి కొన మాత్రం నల్లగా ఉంటుంది. చిన్న ఫ్లెమింగో ముక్కు మొత్తం ముదురు ఎరుపు, దూరానికి నలుపే అనిపిస్తుంది. పక్కపక్కన నిలబడితే ఎత్తును బట్టి చెప్పేయవచ్చు. ఒంటరిగానో, వంగి మేస్తున్నప్పుడో ముక్కే ఆధారం. ఎదురెండలో నాసిరకం గాజు పెద్దదాని గులాబీ ముక్కును కూడా నల్లగా చూపిస్తుంది. బూడిద రంగు తిరిగిన పిల్ల ఫ్లెమింగోలు ఆ గందరగోళాన్ని ఇంకా పెంచుతాయి. చిన్న ఫ్లెమింగోను ప్రపంచ పరిరక్షణ సంస్థలు ముప్పుకు దగ్గరలో ఉన్న జాతిగా లెక్కిస్తున్నాయి. 1987 నుంచి ప్రతి జనవరిలో ఆసియా దేశాల్లో నీటి పక్షుల లెక్కింపు జరుగుతోంది, అందులో పాల్గొనేది ఎక్కువగా మనలాంటి ఔత్సాహికులే. ఒక మనిషి ముక్కు రంగు పొరబడితే ఒక అంకె తప్పుతుంది. గుంపు గుంపంతా పొరబడితే, ఉన్న జాతి లేదనీ లేని జాతి ఉందనీ లెక్క తేలుతుంది. కాబట్టి రెండు మూడు వేల రూపాయల దుర్భిణి నుంచి పన్నెండు, పదిహేను, మరీ అయితే పాతిక వేల రూపాయల దుర్భిణికి మారడం పులికాట్‌లో దండగ ఖర్చు కాదు. ఈ మెట్టు దగ్గర పెట్టిన డబ్బుకు కంటికి కనిపించే ఫలితం ఉంది. రంగు నిజంగా ఉంటుంది, అంచు పదునుగా ఉంటుంది, పక్షిని గుర్తుపట్టడానికి ఇంకో వంద మీటర్లు ముందుకు పోవలసిన అవసరం తప్పుతుంది.

అయితే ఆ పై మెట్టు సంగతేమిటి? జైస్, లైకా, స్వరోవ్‌స్కీ వంటి కంపెనీల మేలురకం దుర్భిణులు లక్షన్నర, రెండు లక్షలు, అంతకు మించి కూడా పలుకుతాయి. అవి గొప్పవన్నదాంట్లో సందేహం లేదు. అంచు దాకా చిత్రం చెదరదు, నల్లని కొమ్మ చుట్టూ ఊదారంగు మరక కనిపించదు, పదేళ్లు వాడినా బిగువు సడలదు. కానీ అడగవలసిన ప్రశ్న ఒకటుంది: పులికాట్‌లో మన చూపును ఆపుతున్నది గాజేనా? పొద్దెక్కేకొద్దీ బురద మేటలు వేడెక్కుతాయి. వాటి మీది గాలి పొరలు పొరలుగా లేచి వణుకుతుంది. దూరాన ఉన్న ఫ్లెమింగో కాళ్లు నీళ్లలో కరిగిపోతున్నట్టు, తల తెగి గాల్లో తేలుతున్నట్టు కనిపిస్తుంది. ఈ ఎండమావిని ఏ గాజూ జయించలేదు. రెండు లక్షల దుర్భిణి దాన్ని ఇంకా స్పష్టంగా వణికిస్తుందంతే. వణికే గాలి గుండా పాతిక వేల దుర్భిణి చూపించిన దానికీ రెండు లక్షలది చూపించిన దానికీ మధ్య ఉండే తేడా చాలా స్వల్పం. దానికి మందు ఖరీదులో లేదు, వేళలో ఉంది. ఎండ ముదరకముందే గట్టు మీద ఉండటం ఏ కంపెనీ పూతకన్నా ఎక్కువ పని చేస్తుంది. ఇంకా దూరం చూడాలన్న కోరిక గట్టిగా ఉన్నవాళ్లు, మధ్యరకం దుర్భిణి ఉంచుకుని, మిగిలిన డబ్బులో కొంత పెట్టి మూడుకాళ్ల స్టాండు మీద నిలిపి చూసే స్పాటింగ్ స్కోపు కొనుక్కోవడం మేలు. ఇరవై రెట్ల నుంచి అరవై రెట్ల దాకా చూపించే ఆ స్కోపులో, పొద్దుటి చల్లని వేళ, పరిశోధకులు పక్షి కాలికి వేసిన ఉంగరాన్నీ, రంగు పట్టీనీ కూడా పట్టుకోవచ్చు. చేతిలో పట్టుకునే దుర్భిణి, ఎంత ఖరీదైనదైనా, ఆ పని చేయలేదు.

దీనికి అటు వైపు నుంచి ఒక అభ్యంతరం వస్తుంది. అసలు పరికరం ఎందుకు, చూసే కన్ను ఉండాలి గానీ అంటారు. ఈ మాటకు మన రాయలసీమలోనే గొప్ప సాక్ష్యం ఉంది. కలివికోడి అనే పక్షిని జెర్డన్ అనే ఆంగ్లేయ వైద్యుడు 1848లో లోకానికి పరిచయం చేశాడు. 1900 తర్వాత అది ఎవరి కంటా పడలేదు, అంతరించిపోయిందనే అనుకున్నారు. 1986 జనవరిలో అది మళ్లీ కడప జిల్లా లంకమల అడవుల అంచున దొరికింది. దొరికించింది ఖరీదైన దుర్భిణి కాదు, రాత్రి పూట టార్చి వెలుగులో పొదల మధ్య తిరగడం తెలిసిన స్థానిక వేటగాడి చూపు. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకులు ఊళ్లవాళ్లకు బొమ్మ చూపించి, అడిగి, వాళ్ల జ్ఞానాన్ని నమ్ముకున్నారు కాబట్టే ఆ పని జరిగింది. దీన్ని నేను మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను. నేర్చిన కన్ను లేనివాడికి రెండు లక్షల దుర్భిణి ఇచ్చినా ఫ్లెమింగోల గుంపు గులాబీ రంగు మచ్చే అవుతుంది. కానీ ఈ సాక్ష్యం చెప్పేది ఇంకొకటి కూడా ఉంది. ఆ కలివికోడిని చేత్తో పట్టుకోవలసి వచ్చింది, అది బతకలేదు. పాత కాలపు నేర్పు పక్షిని చేతిలోకి తెచ్చుకుని తెలుసుకునే నేర్పు. ఆ నేర్పున్న కంటికి మంచి గాజు తోడైతే పక్షిని ముట్టుకోకుండానే తెలుసుకోవచ్చు. కన్నా, గాజా అని తగువు పెట్టుకోనవసరం లేదు. ముందు కన్ను నేర్వాలి, కన్ను ఇంకా చూడగలనంటున్నా గాజు చూపించలేకపోతున్నప్పుడు గాజును మార్చాలి. మార్చడానికి సరైన సమయం ఏదంటే నేను చెప్పేది అదే.

ఇంకొక అభ్యంతరం ఈ కాలపు కుర్రవాళ్లది. ఫోన్లలోనే పది రెట్ల జూమ్ వచ్చింది, 2018లో వచ్చిన నికాన్ పి1000 వంటి కెమెరాల్లో 125 రెట్లు ఉంది, ఇంక దుర్భిణి ఎందుకని. కెమెరాను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. అరుదైన పక్షి కనిపించిందని నలుగురిని నమ్మించాలంటే ఫొటోకు మించిన రుజువు లేదు. కానీ వెతకడానికీ వెంబడించడానికీ అది అనువైనది కాదు. దుర్భిణిలో రెండు కళ్లతో చూస్తాం. గుంపు అంతా కనిపిస్తుంది, ఏ పక్షి ముందుంది, ఏది వెనకుంది, ఏది మేస్తోంది, ఏది కాపలా కాస్తోంది తెలుస్తుంది. కెమెరా తెర మీద ఎండలో ఏదీ సరిగ్గా కనిపించదు, అంత జూమ్‌లో కనిపించే ఇరుకు కిటికీలోకి పక్షిని తెచ్చుకునేలోపు అది ఎగిరిపోతుంది. అంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటి. ఫొటో ఎంత బాగా వచ్చినా ఇంకాస్త దగ్గరగా వస్తే బాగుండుననిపిస్తుంది. ఆ ఆశే మనుషుల్ని గట్టు దింపి బురదలోకి నడిపిస్తుంది, ఎగిరే గుంపు ఫొటో కోసం చప్పట్లు కొట్టిస్తుంది. దుర్భిణిలో చూసేవాడికి పక్షి ఎగిరిపోతే నష్టం, ఎందుకంటే చూడటానికి ఇంకేమీ మిగలదు. ఈ కారణం చేత కూడా, ఒక కుటుంబానికి ఒక వస్తువే కొనగలిగే స్తోమత ఉంటే, ముందు దుర్భిణి కొనమనే చెబుతాను.

ఇప్పుడు మార్చాలా వద్దా అన్నది ఎవరికి వాళ్లు తేల్చుకునే పద్ధతి చెబుతాను. ఉన్న దుర్భిణితో చూస్తున్నప్పుడు మీరు ఎక్కడ ఓడిపోతున్నారో గమనించండి. మసక వెలుగులో ఓడిపోతున్నారా, ఎదురెండలో ఓడిపోతున్నారా, మధ్యాహ్నపు ఎండమావిలో ఓడిపోతున్నారా? మొదటి రెండింటికీ కొత్త దుర్భిణి జవాబవుతుంది, మూడోదానికి కాదు. చూసిన కాసేపటికే తలనొప్పి వస్తోందా, ఒకటే వస్తువు రెండుగా విడిపోతోందా? కింద పడ్డప్పుడు గొట్టాల వరస తప్పి ఉంటుంది, దాన్ని వదిలేయడమే మంచిది. కళ్లద్దాలు పెట్టుకునేవాళ్లకు చుట్టూ నల్లని వలయం కనిపిస్తుంటే, కంటికీ అద్దానికీ మధ్య కనీసం 15 మిల్లీమీటర్ల ఎడం ఉన్నా చిత్రం పూర్తిగా కనిపించే దుర్భిణి చూసుకోవాలి. కొనేటప్పుడు దుకాణం లోపల ట్యూబులైటు వెలుగులో బోర్డులు చదివి సంతోషపడకండి. బయటికి తెచ్చి, ఎదురుగా ఉన్న చూరు కింది నీడలో ఏం కనిపిస్తోందో చూడండి. ఆకాశం మీద కరెంటు తీగను చూసి దాని అంచున ఊదారంగు మరక ఎంత ఉందో గమనించండి. తక్కువ ధరలో కొనేవాళ్లకు ఇంకో మాట. నిటారు గొట్టాల దుర్భిణులు చూడటానికి నాజూగ్గా ఉన్నా, వాటి పట్టకాలకు ప్రత్యేకమైన పూత కావాలి. 1988లో జైస్ తొలిసారి వేసిన ఆ పూత మరీ చౌక సరుకులో ఉండదు. అందువల్ల అదే ధరకు, ముందు అద్దాలు ఎడంగా ఉండి మధ్యలో మెలిక తిరిగిన పాత నమూనాయే మేలైన చిత్రం ఇస్తుంది. ఉప్పుగాలి తగిలే చోటు కాబట్టి నత్రజని నింపి మూసిన, నీరు చొరబడని రకం ఎంచుకుంటే లోపల బూజు పట్టదు. అద్దాన్ని పైకండువాతో రుద్దకండి, ఇసుకను ముందు ఊది దులిపి, తర్వాతే తుడవండి.

చివరగా ఒక అభ్యంతరం, నా దృష్టిలో అన్నిటికన్నా బరువైనది. పదిహేను వేలు కూడా ఎంతమంది పెట్టగలరు, ఇదంతా కలిగినవాళ్ల ముచ్చట కాదా అని. నిజమే, పులికాట్ దీవుల్లోని ఇరకం, వేనాడు వంటి ఊళ్లలో వలతో బతికే కుటుంబానికి ఆ మొత్తం చాలా పెద్దది. అందుకే దుర్భిణిని సొంత ఆస్తిగా మాత్రమే చూడటం మానుకోవాలంటున్నాను. ఒక మేలురకం దుర్భిణి ధరతో డజను మధ్యరకం దుర్భిణులు వస్తాయి. ఆ డజను సూళ్లూరుపేట, తడ, దొరవారిసత్రం మండలాల బడులకు చేరితే ఎన్ని వందల మంది పిల్లలు తమ చెరువులో వాలే పక్షిని పేరు పెట్టి పిలవగలుగుతారో ఆలోచించండి. నేలపట్టు చుట్టుపక్కల రైతులు గూడబాతుల రాకను శుభంగా భావిస్తారు, పక్షుల రెట్ట కలిసిన చెరువు నీళ్లు పైరుకు బలమని వాళ్లకు తెలుసు. పక్షిని కాపాడినది మొదట ఆ నమ్మకమే, చట్టం తర్వాత వచ్చింది. ఆ ఊళ్ల పిల్లల చేతికి దుర్భిణి అందితే ఆ నమ్మకానికి తెలివిడి తోడవుతుంది. 2001 నుంచి జరుపుకుంటున్న ఫ్లెమింగో పండగకు వేలాది మంది వస్తారు. గట్టు మీద స్టాండు మీద నిలిపిన నాలుగు స్కోపులు, వరసలో నిలబడితే అందరికీ ఒక నిమిషం చూపించే ఇద్దరు యువకులు ఉంటే, నీళ్లలోకి దిగాలన్న తొందర చాలామందికి పుట్టదు. పండగ ఏర్పాట్లలో వేదికకూ, దీపాలకూ ఇచ్చే ప్రాధాన్యం వీటికీ ఇవ్వాలి.

ఇదే సరస్సు దక్షిణపు కొసన, తమిళనాడు వైపున్న పళవేర్కాడులో, డచ్చివారు 1613లో గెల్డ్రియా కోట కట్టారు. అంతకు ఐదేళ్ల ముందు, 1608లో, వాళ్ల దేశంలోనే హాన్స్ లిపర్షే దూరాన్ని చూపించే గొట్టం మీద హక్కు కోరాడు. ఓడనూ శత్రువునూ ముందుగా పసిగట్టడానికి మొదట వాడిన ఆ గాజు తర్వాత వేటగాడి చేతికి వెళ్లింది, ఇప్పుడు పక్షికి హాని చేయకుండా చూడాలనుకునేవాళ్ల చేతికి వచ్చింది. దాన్ని ఆ పనికి తగినట్టు ఎంచుకుందాం. ఉన్నది చౌకరకమై, వేకువలోనో ఎదురెండలోనో మీ నేర్పును అడ్డుకుంటుంటే, ఎనిమిది రెట్ల మంచి మధ్యరకానికి ధైర్యంగా మారండి. ఉన్నదే మధ్యరకమైతే దాన్ని పదిలంగా వాడుకుని, ఒక గంట ముందు లేవండి. ఆ పైన చేతిలో డబ్బు ఉంటే ఒక స్కోపుకో, అంతకంటే మేలు, మీ ఊరి బడికో పెట్టండి. ఏది కొన్నా గట్టు దిగకండి. పక్షి తల ఎత్తి మన వైపు చూడటం మొదలుపెట్టిందంటే, అది మేత మానేసిందని అర్థం. అప్పుడు రెండడుగులు వెనక్కి వేయడమే మన పని. మంచి దుర్భిణి మనకు ఇచ్చేది ఆ రెండడుగులు వెనక్కి వేసే వీలే.